థింసా ఆడే కాళ్ళకు నొప్పి వస్తే ఏం చేయాలి?



ఈసారి నేను కాళ్ళ గురించి రాస్తున్నాను. నవ్వకండి. మన స్కూల్లో థింసా నేర్చుకునే వాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకసారి కాలి ముందెముక నొప్పి పెట్టే ఉంటుంది. కానీ ఎవరూ పైకి చెప్పరు. నేను కూడా 9 రోజులు చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఏమైంది, చెప్పాక ఎలా తగ్గింది, అసలు ఆ నొప్పి ఎందుకు వస్తుంది అనే విషయాలు ఈ వ్యాసంలో వివరిస్తాను.

నాకు ఎలా వచ్చింది?

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం అని మనందరికీ తెలుసు. ఐక్యరాజ్యసమితి 1994లో ఆ రోజును ప్రకటించింది. ఈ ఏడాది ఆ రోజు పాడేరులో ఆడడానికి మన స్కూలు నుండి 16 మందిని తీసుకున్నారు. అందులో నేను ఒకదాన్ని. మా అమ్మానాన్నలు చదువుకోలేదు. మా ఇంట్లో స్కూలు బస్సెక్కి పాడేరు వెళ్ళి స్టేజీ మీద నిలబడేది నేనే మొదటిదాన్ని. ఆ మాట ఊళ్ళో అందరికీ చెప్పుకున్నారు కూడా.

వేసవి సెలవుల్లో రెండు నెలలు ఇంటి దగ్గర ఆట లేదు. జూలైలో ఒక్కసారిగా మొదలైంది. పొద్దున్న గంట, సాయంత్రం రెండు గంటలు. వానలకు గ్రౌండు బురద అయిపోయింది గదా, అందుకని సిమెంటు వరండాలో ఆడాము. కాళ్ళకు చెప్పులు లేవు. రెండో వారంలో ఎడమ కాలికి, మోకాలి కింద ముందెముక లోపలి అంచున నొప్పి మొదలైంది. మొదట ఆట మొదలుపెట్టేటప్పుడు నొప్పి ఉండేది, కాళ్ళు వేడెక్కితే తగ్గేది. నాలుగు రోజుల తరువాత ఆడుతున్నంతసేపూ ఉండేది. ఆ తరువాత మెట్లు దిగినా నొప్పే.

చెప్తే నన్ను తీసేసి ఇంకొకరిని పెడతారని భయం. అందుకే నవ్వుతూ ఆడాను. అయితే థింసాలో దాచడం కుదరదు. మనం పక్కవాళ్ళ వీపు వెనక చేతులు వేసి గట్టిగా పట్టుకొని ఆడతాము గదా. నా పక్కనుండే నా స్నేహితురాలి చెయ్యి నా నడుము మీద ఉంది. ఒకరోజు బాగ్ థింసా అయ్యాక అది నా చెవిలో అడిగింది, "ఏటే, ఎడమ కాలు వేసినప్పుడల్లా నీ ఒళ్ళు పక్కకి తూలిపోతోంది. నాకు తెలీదనుకున్నావా?" నేను ఏడ్చేశాను. అదే నన్ను పి.ఇ.టి. టీచరు గారి దగ్గరికి లాక్కెళ్ళింది. టీచరు గారు తిట్టలేదు. "ముందే చెప్తే రెండు వారాల్లో పోయేది" అన్నారు. పి.హెచ్.సి. నుండి మన స్కూలుకి వచ్చే ఏ.ఎన్.ఎం. అక్కకు చూపించారు.

ఇది ఏం నొప్పి?

మోకాలికీ చీలమండకీ మధ్య రెండు ఎముకలు ఉంటాయి. లావుగా ఉండేది అంతర్జంఘిక, సన్నగా పక్కన ఉండేది బహిర్జంఘిక. మన సైన్సు పుస్తకంలో బొమ్మ ఉంది, చూడండి. శరీరంలో తొడ ఎముక తరువాత పొడవైన ఎముక అంతర్జంఘికే. కాలి ముందు చేత్తో తడిమితే గట్టిగా తగిలేది అదే. దాని లోపలి అంచుకు, కింది సగంలో వచ్చే ఈ నొప్పిని ఇంగ్లీషులో షిన్ స్ప్లింట్స్ అంటారు. పరుగు పందేలవాళ్ళకు, సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకు, నాట్యం నేర్చుకునేవాళ్ళకు ఎక్కువగా వస్తుంది.

అంటే మనం బలహీనులం కాబట్టి వచ్చే నొప్పి కాదు. ఈ మాట తెలిశాక నాకు సగం దిగులు పోయింది.

ఎందుకు వస్తుంది?

ఎముక రాయి లాంటిదని నేను అనుకునేదాన్ని. కాదు. ఎముకకు ప్రాణం ఉంది. మనం గెంతినప్పుడల్లా అది మన కంటికి కనపడనంత కొంచెం వంగి మళ్ళీ నిలబడుతుంది. దాని మీద పొర ఉంటుంది. ఆ పొరకు పిక్క లోపలి కండరాలు అంటుకొని ఉంటాయి. అడుగు వేసినప్పుడల్లా కండరాలు ఆ పొరను లాగుతాయి. కొత్తగా ఎక్కువ పని పడితే ఎముక తనని తాను బలం చేసుకోవాలని చూస్తుంది. ముందు పాత భాగాన్ని కొంచెం తీసేస్తుంది, తరువాత కొత్త ఎముక పెడుతుంది. తీయడం తొందరగా అవుతుంది, పెట్టడం నెమ్మదిగా అవుతుంది. కాబట్టి మధ్యలో కొన్ని వారాలు ఎముక మునుపటి కన్నా మెత్తగా ఉంటుంది.

మన ఇళ్ళలో మట్టి గోడలకు పాత పూత గీకి కొత్త మట్టి మెత్తుతారు గదా. ఆ మట్టి ఆరకముందే జోరు వాన వస్తే ఏమవుతుంది? గోడ కారిపోతుంది. కాలెముక కూడా అంతే. కొత్త మట్టి ఆరనివ్వాలి. మేము ఆరనివ్వకుండా రోజుకి మూడు గంటలు గెంతాము.

ఏ.ఎన్.ఎం. అక్క, టీచరు గారు చెప్పిన కారణాలు ఇవి.

1. సెలవుల తరువాత ఒక్కసారిగా ఆట పెంచడం. అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.
2. సిమెంటు మీద ఆడడం. మట్టి నేల దెబ్బను కొంత మింగుతుంది. సిమెంటు మింగదు, తిరిగి కాలికే ఇస్తుంది.
3. మునివేళ్ళ మీద ఎక్కువసేపు ఉండడం. బాగ్ థింసాలో పులి నుండి తప్పించుకొనేది చూపిస్తాము గదా. గుండ్రంగా నిలబడినవాళ్ళు మునివేళ్ళ మీద లేచి వంగుతూ లేస్తూ ఉండాలి. అప్పుడు పిక్కల మీద బరువు ఎక్కువ పడుతుంది.
4. రోజూ ఒకే వైపు తిరగడం. మేము అలాగే తిరిగాము. ఒక కాలికే పని ఎక్కువ అయింది.
5. విశ్రాంతి రోజు లేకపోవడం, చాలినంత తిండి, నిద్ర లేకపోవడం.

మరి మా నాయనమ్మకు ఎందుకు రాలేదు?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తినేసింది. ఇటుకల పండుగకు మా ఊళ్ళో తుడుము మోగితే మా నాయనమ్మ రాత్రంతా ఆడుతుంది. ఆమెకు లేని నొప్పి నాకెందుకు? ఇంటికి వెళ్ళినప్పుడు అడిగాను. ఆమె నవ్వి, "మాకూ నొప్పెట్టేది గుంటా. నొప్పెడితే చెయ్యి వదిలీసి పక్కకెళ్ళి కూకునేవాళ్ళం. నొప్పి తగ్గితే మళ్ళీ వచ్చి దూరేవాళ్ళం. మమ్మల్ని ఎవరు లెక్కెట్టారు?" అంది.

అప్పుడు నాకు అర్థమయింది. ఊళ్ళో ఆడేది మట్టి మీద. అడుగు నెమ్మదిగా మొదలై పెరుగుతుంది. ఏడాది పొడుగునా కొండ ఎక్కి దిగే కాళ్ళు అవి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, ఊళ్ళో వరుస విడుతుంది, మళ్ళీ కలుస్తుంది. స్టేజీ మీద మాత్రం 16 అంటే 16. ఒకరు తగ్గితే ఖాళీ కనిపిస్తుంది. అందుకే మనం నొప్పి దాస్తాము.

నొప్పి వస్తే ఏం చేయాలి?

1. వెంటనే చెప్పాలి. మొదటి రోజే చెప్తే తక్కువ రోజుల్లో తగ్గుతుంది.

2. గెంతడం, పరిగెత్తడం, మునివేళ్ళ ఆట ఆపాలి. మంచం మీద పడుకోవక్కర్లేదు. నొప్పి లేకుండా నడవగలిగితే నడవొచ్చు. సామాన్యంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ రోజుల్లో పాట నేర్చుకోవచ్చు, కూర్చొని తాళం వేయవచ్చు. నేను పాటలన్నీ అప్పుడే వచ్చేటట్టు నేర్చుకున్నాను.

3. చన్నీళ్ళ గుడ్డ వేయాలి. బావి నీళ్ళలో గుడ్డ తడిపి 10 నుండి 15 నిమిషాలు నొప్పి ఉన్నచోట వేయాలి. రోజుకి మూడుసార్లు చాలు. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి పెట్టాలి, ఒట్టిగా చర్మం మీద పెట్టకూడదు. దీనివల్ల నొప్పి తెలియకుండా ఉంటుంది గాని ఎముక బాగుపడేది విశ్రాంతి వల్లే.

4. పిక్కలు సాగదీయాలి. గోడకు రెండు చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ నేల మీద నుండి లేవకుండా ముందుకి వంగాలి. పిక్క లాగినట్టు ఉండాలి, నొప్పి ఉండకూడదు. 30 వరకు లెక్కపెట్టాలి. మూడుసార్లు చేయాలి. తరువాత మోకాలు కొంచెం వంచి మళ్ళీ మూడుసార్లు చేయాలి. మోకాలు వంచితే లోపలి కండరం సాగుతుంది.

5. నొప్పి తగ్గుతున్నప్పుడు పిక్కలకు బలం రావడానికి మడమలు ఎత్తాలి. గోడ పట్టుకొని రెండు మడమలు నెమ్మదిగా ఎత్తి, ఇంకా నెమ్మదిగా దించాలి. 10 లేక 15 సార్లు. మధ్యలో ఆగి మొత్తం మూడు విడతలు. నొప్పి లేకుండా వస్తే తరువాత వారం ఒంటి కాలితో చేయాలి. కిందనున్న తువ్వాలును కాలి వేళ్ళతో దగ్గరికి లాక్కోవడం కూడా మంచిది. అరికాలికి బలం వస్తుంది. ఇది మేము రాత్రి స్టడీ అవర్ అయ్యాక పందెం వేసుకొని చేస్తున్నాము.

ఏం చేయకూడదు?

నొప్పి మాత్ర వేసుకొని ఆడకూడదు. మాత్ర నొప్పిని మూసేస్తుంది, ఎముకను అతకదు. ఎముక మీద గట్టిగా నలపకూడదు. బిగుతుగా తాడుతో కట్టకూడదు. వాతలు పెట్టించుకోకూడదు. కాలిన చోట పుండు పడుతుంది, లోపలి నొప్పి అలాగే ఉంటుంది. "ఆడితే అదే పోతుంది" అనే మాట నమ్మకూడదు. నేను నమ్మి 9 రోజులు పోగొట్టుకున్నాను.

మళ్ళీ ఆట ఎలా మొదలుపెట్టాలి?

మూడు పరీక్షలు ఉన్నాయి. వేలితో నొక్కితే నొప్పి ఉండకూడదు. మామూలుగా నడిస్తే, మెట్లు దిగితే నొప్పి ఉండకూడదు. చివరికి ఒంటి కాలి మీద నెమ్మదిగా 10 సార్లు గెంతితే నొప్పి ఉండకూడదు. మొదటి రెండూ కుదరనిదే మూడోది చేయొద్దు. మూడూ కుదిరితే ఆట మొదలుపెట్టవచ్చు. నేను చేసింది ఇలా.

మొదటి వారం: రోజు విడిచి రోజు 10 నిమిషాలు. మట్టి మీద, పాదం మొత్తం ఆనించి నెమ్మది అడుగులు.
రెండో వారం: 15 నిమిషాలు. కుడి వైపు, ఎడమ వైపు రెండూ తిరగాలి.
మూడో వారం: 20 నిమిషాలు. ముందుకి వంగి లేచే గొడ్డి బేట థింసా కలపవచ్చు.
నాలుగో వారం: 25 నిమిషాలు. అందులో మునివేళ్ళ ఆట 2 నిమిషాలే.

ఒక నియమం గుర్తుపెట్టుకోండి. ఆట తరువాత కొంచెం నొప్పి వచ్చి, మర్నాడు పొద్దున్నకి పోతే పరవాలేదు. పొద్దున్న లేచేసరికి ఇంకా ఉంటే నిన్న ఎక్కువ చేశామని అర్థం. మళ్ళీ ముందటి వారానికి వెళ్ళాలి. తెల్లారి మంచం దిగిన మొదటి అడుగు అబద్ధం చెప్పదు.

తిండి సంగతి

ఎముకకు కాల్షియం కావాలి. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో 10 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది. ఇంటి దగ్గర చోడి అంబలి తాగేవాళ్ళం గదా, స్కూలుకి వచ్చాక మనలో కొందరికి అది చిన్నతనంగా ఉంది. చిన్నతనం కాదు. గుడ్డు, పాలు, ఆకుకూరలు పళ్ళెంలో వదలకండి. కాల్షియం ఒంటికి పట్టడానికి విటమిన్ డి కావాలి. అది ఎండ వల్ల వస్తుంది. ఎక్కువగా ఆడి, తక్కువగా తింటే కొందరికి నెలసరి ఆగిపోతుంది. మూడు నెలలు రాకపోతే సిగ్గుపడకుండా ఏ.ఎన్.ఎం. అక్కకు చెప్పాలి. అలాంటప్పుడు ఎముకలు కూడా పలచబడతాయి.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

ఈ భాగం అందరూ తప్పకుండా చదవాలి.

నా నొప్పి జానెడు మేర పరుచుకొని ఉండేది. అది మామూలు షిన్ స్ప్లింట్స్. అలా కాకుండా ఒకే ఒక్క చోట, వేలు పెట్టి చూపించగలిగేటట్టు నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, ఒంటి కాలి మీద నిలబడలేకపోతే ఎముకలో సన్నని చీలిక ఉండవచ్చు. అది మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. ఎక్స్‌రే బాగుంది అన్నా నొప్పి ఉంటే మళ్ళీ వెళ్ళాలి.

ఆడేటప్పుడు పిక్క రాయిలా బిగుసుకుపోయి పాదం తిమ్మిరెక్కితే, పాదం పైకి లేవక ఈడుస్తుంటే, కాలు ఎర్రగా వాచి జ్వరం వస్తే ఆ రోజే వెళ్ళాలి.

ఇంకొకటి. మన ఆదివాసీల్లో కొంతమందికి పుట్టుకతోనే సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంటుంది. వాళ్ళ ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలకు అడ్డం పడతాయి. అప్పుడు ఎముకలు, కీళ్ళు విపరీతంగా నొప్పెడతాయి. చలి తగిలినా, నీళ్ళు తక్కువ తాగినా ఆ నొప్పి రావచ్చు. కాబట్టి ఆ జబ్బు ఉన్నవాళ్ళు నేను పైన రాసిన చన్నీళ్ళ గుడ్డ, ఐసు వేసుకోకూడదు. నేరుగా డాక్టరు గారికి చెప్పాలి. ఈ జబ్బును గుర్తించడానికి 2023 జూలై 1న దేశమంతటికీ ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. రక్తపరీక్ష చేయించుకోనివాళ్ళు చేయించుకోండి. సూదికి భయపడకండి.

నేను ఇదంతా ఎందుకు రాశానంటే

మాకు పై తరగతిలో ఒక అక్క ఉండేది. పరుగులో మొదట ఉండేది. ఆమెకూ కాలెముక నొప్పి వచ్చింది. ఒకే చోట. ఎవరికీ చెప్పలేదు. మాత్రలు వేసుకొని పరిగెత్తింది. చివరికి ఎముక చీలింది. వాళ్ళ నాన్న వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. కాలు బాగయింది. కానీ అప్పటికి కోతలు వచ్చాయి, ఇంట్లో పని వచ్చింది, తరువాత పెళ్ళి మాటలు వచ్చాయి. అక్క మళ్ళీ స్కూలుకి రాలేదు. ఆమె పెట్టె చాలా రోజులు మా గదిలోనే ఉంది.

మనలాంటి వాళ్ళకు కాలు నొప్పి కాలితో ఆగదు. ఇంటికి వెళ్తే తిరిగి రావడం కష్టం. నేను నొప్పి దాచింది ఆట పోతుందని. కాని దాస్తే చదువే పోయి ఉండేది.

ఆగస్టు 9న నేను ఆడలేదు. పాడేరు వెళ్ళాను గాని, స్టేజీ పక్కన అందరి చెప్పులకు, సంచులకు కాపలా కూర్చున్నాను. మా అమ్మానాన్న వచ్చారు. 15 మంది ఆడుతుంటే నాన్న నా పక్కన కూర్చొని, "కాలు బాగైతే బడిలోనే ఉండు" అన్నాడు. ఇంటికి రమ్మంటాడేమో అని నేను భయపడుతూ ఉన్నాను. ఆ మాట విన్నాక ఆట చూడబుద్ధి అయింది. దసరా సెలవులు అయ్యాక మళ్ళీ వరుసలో చేరాను. ఇప్పుడు నొప్పి లేదు.

టీచరు గారిని మేమందరం ఒకటి అడిగాము, ఒప్పుకున్నారు. జనవరి 26 ఆటకు 16 మందికి బదులు 20 మందికి నేర్పుతున్నారు. ఎవరికి నొప్పి వచ్చినా పక్కకు వెళ్ళి కూర్చోవచ్చు, తగ్గాక వచ్చి చేరవచ్చు. వారానికి రెండు రోజులు ఆటకు సెలవు. వాన లేని రోజున మట్టి మీదే ఆట. మా నాయనమ్మ వాళ్ళ పద్ధతే ఇది.

కాబట్టి చెల్లెళ్ళారా, ఆడేటప్పుడు మీ చెయ్యి పక్కవాళ్ళ వీపు మీద ఉంటుంది. ఆ వీపు తూలితే మీకే ముందు తెలుస్తుంది. తెలిసినవాళ్ళు ఊరుకోవద్దు. నొప్పి ఉన్నవాళ్ళు దాచొద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని
(ఎడమ కాలు ఇప్పుడు బాగుంది)